ఫాతిమా అని పేరు పెట్టాం, మరి ఆ తర్వాత?

ఈమధ్య తెలిసినవారి ఇంట అఖీఖా విందుకు వెళ్లాం. ఏడు రోజుల పసికందు నాయనమ్మ ఒడిలో నిద్రపోతోంది. పాపకు ఏం పేరు పెట్టారని అడిగితే ఆ పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. "ఫాతిమా! అంతకన్నా మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది బేటా? స్వర్గంలో స్త్రీలందరికీ నాయకురాలి పేరది" అన్నారామె. చుట్టూ ఉన్నవారు 'మాషా అల్లాహ్' అన్నారు. మేమూ అన్నాం.

దస్తర్‌ఖాన్ దగ్గర ఒక పదహారేళ్ల పిల్ల ఆడవాళ్ల వైపు నుంచి నీళ్ల జగ్గులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళుతోంది. పాపకు మేనత్త కూతురట. ఆ పిల్ల పేరు కూడా ఫాతిమాయే, కనీజ్ ఫాతిమా. ఏం చదువుతున్నావమ్మా అని అడిగాం. తల దించుకుంది. పక్కనే ఉన్న తండ్రి జవాబిచ్చాడు. "పదో తరగతి పాసయింది సాబ్. మార్కులు బాగానే వచ్చాయి. కాలేజీ దూరం. ఆడపిల్ల కదా, మాన్పించేశాం. సంబంధాలు చూస్తున్నాం."

ఆయన చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రేమ లేనివాడు అంతకంటే కాదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం సంకోచం కూడా వినిపించింది. విందు తిని ఇంటికి వచ్చామే గాని ఆ ఇద్దరు ఫాతిమాలు మా మనసును వదలలేదు. ఒక ఫాతిమాకు ఆ రోజే పేరు పెట్టారు. ఇంకో ఫాతిమాకు ఆ పేరు పెట్టి పదహారేళ్లయింది. ఆ పేరు తన బిడ్డ నుంచి ఏం అడుగుతుందో, తన నుంచి ఏం అడుగుతుందో ఆ తండ్రికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మన ఊళ్లలో ఏ బడి హాజరు పట్టిక తెరిచినా ఈ పేరు కనిపిస్తుంది. ఫాతిమా బేగం, ఫాతిమా బీ, నూర్ ఫాతిమా, కనీజ్ ఫాతిమా, ఫాతిమున్నీసా. పల్లెల్లో చుట్టుపక్కలవారి నోట అదే పేరు ఫాతమ్మ అయి కూర్చుంది. ఇంత ఇష్టంగా పెట్టుకునే పేరు కదా, చరిత్రలో ఈ పేరు మోసినవారు ఎవరెవరో, వారు ఏం చేశారో, వారి ఇళ్లలోని మగవాళ్లు వారితో ఎలా మసలుకున్నారో ఒకసారి చూద్దామని ఈ శుక్రవారం కూర్చున్నాం.

ఒక పట్టుబట్ట, కొందరు ఫాతిమాలు

దైవప్రవక్త (స) కాలంలోనే ఈ పేరు గలవారు ఎందరో ఉన్నారు. సహీహ్ ముస్లింలో ఒక హదీసు ఉంది. దూమా ప్రాంతపు పాలకుడు ఉకైదిర్ దైవప్రవక్తకు ఒక పట్టువస్త్రం కానుకగా పంపాడు. ఆయన దాన్ని హజ్రత్ అలీ (ర)కి ఇచ్చి, ముక్కలు చేసి ఫాతిమాలకు తలగుడ్డలుగా పంచమన్నారు. ఆ ఫాతిమాలు ఎవరని వ్యాఖ్యాతలు చర్చించారు. ప్రవక్తగారి కుమార్తె ఫాతిమా, అలీగారి తల్లి ఫాతిమా బిన్తె అసద్, అమరవీరుడు హంజాగారి కుమార్తె ఫాతిమా అని చెప్పారు. ఒక్క బంధువర్గంలోనే ముగ్గురు! ఆ పట్టుబట్ట ఏనాడో చిరిగిపోయి ఉంటుంది. పేరు మాత్రం పధ్నాలుగు వందల ఏళ్లుగా ఇంటింటికీ అందుతూనే ఉంది.

ప్రవక్తగారి కుమార్తెతోనే మొదలుపెడదాం. ఎందుకంటే ఆమె పేరు చెప్పి మనవాళ్లు చేసే పొరపాట్లు కూడా కొన్ని ఉన్నాయి.

తిరగలి కథ, కవచం కథ

హజ్రత్ ఫాతిమా జహ్రా (ర.అన్హా) తిరగలి తిప్పి తిప్పి చేతులు కాయలు కాశాయి. పనిమనిషిని అడుగుదామని తండ్రి దగ్గరకు వెళ్లారు. ఆ రాత్రి దైవప్రవక్త (స) స్వయంగా వారింటికి వచ్చి, పనిమనిషికన్నా మేలైనది చెబుతానంటూ పడుకునే ముందు 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హమ్దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ అనమని నేర్పారు. ఈ కథ వినని ముస్లిం ఇల్లు ఉండదు.

అయితే ఈ కథ చెప్పి, "చూశారా, ప్రవక్తగారి బిడ్డే తిరగలి తిప్పింది. ఆడపిల్లకు చదువెందుకు?" అనేవారిని మేం చూశాం. వారు కథలో సగం మరచిపోతున్నారు. అదే సందర్భంలో హజ్రత్ అలీ (ర) తాను నీళ్లు మోసి మోసి ఛాతీ నొప్పి పుట్టిందని చెప్పుకున్నట్టు ఉల్లేఖనాల్లో ఉంది. అది పేదరికపు రోజుల ముచ్చట. భార్య పిండి విసిరింది, భర్త నీళ్లు మోశాడు. మగపిల్లలు నీళ్లు మోయడానికే పుట్టారని ఈ కథ చెప్పి ఎవరైనా అబ్బాయిలను కాలేజీ మాన్పించారా? ఒక్కరిని కూడా చూడలేదు. మరి అమ్మాయిలకు మాత్రం ఆ తర్కం ఎందుకు?

రెండో పొరపాటు జహేజ్. ఫాతిమాగారికి ప్రవక్త (స) జహేజ్ ఇచ్చారు కదా అని మన పెళ్లి మాటల్లో పెద్దమనుషులు చాలా సులువుగా అనేస్తారు. ఆ జహేజ్ ఏమిటి? ఒక దుప్పటి, ఒక నీళ్ల తిత్తి, సువాసన గడ్డి కూరిన తోలు దిండు. పైగా ఈ పెళ్లికి మహర్‌గా నిలిచింది అలీగారి యుద్ధ కవచం. దాన్ని అమ్మి ఆ సొమ్ముతోనే ఇంటి సామాన్లు సమకూర్చారని చరిత్రకారులు రాశారు. అంటే ఇచ్చుకున్నది వరుడు. దాన్ని తలకిందులు చేసి వధువు తండ్రి మెడకు ఉరితాడుగా బిగించాం. బిడ్డ చదువుకు పెట్టాల్సిన డబ్బు ఫ్రిజ్‌కీ, మోటార్ సైకిల్‌కీ దాచిపెడుతున్నాం. అదీ ఫాతిమా పేరు చెప్పి!

ఇంకో సంగతి ఉంది. అది మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) చెప్పారు: ఫాతిమా ఇంట్లోకి వస్తే దైవప్రవక్త (స) లేచి నిలబడేవారు, చేయి పట్టుకుని ముద్దాడేవారు, తాను కూర్చున్న చోట కూర్చోబెట్టేవారు. ఆడపిల్ల పుడితే మన్నులో పూడ్చిన రోజులు పూర్తిగా మరుగున పడని దేశంలో ఒక తండ్రి కూతురి కోసం లేచి నిలబడ్డాడు. తిరగలి కథ చెప్పే ప్రతి తండ్రీ ఈ ముచ్చట కూడా చెప్పాలి. చెప్పి, తానూ లేచి నిలబడాలి.

చేతిలో అక్షరం ఉన్న ఫాతిమా

మక్కాలో ఇంకో ఫాతిమా ఉండేవారు. ఖత్తాబ్ కుమార్తె, హజ్రత్ ఉమర్ (ర) సోదరి. ఉమర్ అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. కత్తి పట్టుకుని ప్రవక్తను చంపడానికి బయల్దేరినవాడు, ముందు నీ ఇల్లు చక్కదిద్దుకోమని దారిలో ఒకరు అన్న మాటతో చెల్లెలి ఇంటికి తిరిగాడు. లోపల ఖబ్బాబ్ (ర) ఆ దంపతులకు ఖుర్ఆన్ నేర్పుతున్నారు. తాహా సూరా రాసిన పత్రం అక్కడ ఉంది. ఉమర్ అలికిడి వినగానే ఫాతిమా దాన్ని దాచేశారు.

ఉమర్ బావ మీద చేయి చేసుకున్నాడు. అడ్డుపడిన చెల్లెల్నీ కొట్టాడు. ఆమెకు రక్తం కారింది. అప్పుడామె, అవును, మేము విశ్వసించాం, నీ ఇష్టం వచ్చింది చేసుకో అన్నారు. రక్తం చూసి ఉమర్ మనసు కరిగింది. ఆ పత్రం ఇలా ఇవ్వమన్నాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు. ముందు స్నానం చేసి శుభ్రపడి రమ్మన్నారు. ఆయన వెళ్లి స్నానం చేసి వచ్చాడు. చదివాడు. ఆపైన జరిగింది లోకానికి తెలుసు.

ఈ గాథను మనం ఉమర్ కథగానే చెప్పుకుంటాం. ఒకసారి దాన్ని ఫాతిమా కథగా చదివి చూడండి. ఇంట్లో కూర్చుని చదువు నేర్చుకుంటున్న ఒక స్త్రీ, కొట్టడానికి వచ్చిన అన్నకు నియమం చెప్పింది. ఆ అన్న కత్తి పక్కనపెట్టి ఆ నియమం పాటించాడు. ఇక్కడ అన్నదమ్ములందరికీ ఒక పాఠం ఉంది. ఉమర్ గొప్పతనం కోపంలో లేదు, చెల్లెలి మాట విన్న ఆ క్షణంలో ఉంది.

ఫెజ్ పట్టణపు మసీదు

మొరాకో దేశంలోని ఫెజ్ నగరంలో ఖరవియ్యీన్ మసీదు ఉంది. దాన్ని కట్టించింది ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ అని ఆ నగర చరిత్ర రాసిన ఇబ్న్ అబీ జర్ చెప్పాడు. ఆయన 14వ శతాబ్దం వాడు. మసీదు పునాది పడింది హిజ్రీ 245లో, అంటే క్రీ.శ. 859లో. నడుమ నాలుగున్నర శతాబ్దాలు గడిచాయి కాబట్టి ఆయన కథనాన్ని కొందరు చరిత్రకారులు ప్రశ్నిస్తున్నారు. ఫెజ్ ప్రజలు మాత్రం తరతరాలుగా ఈ పేరునే చెప్పుకుంటూ వచ్చారు.

ఆ కథనం ప్రకారం ఆమె కుటుంబం ఇప్పటి ట్యునీషియాలోని ఖైరవాన్ నుంచి ఫెజ్‌కు వలస వచ్చింది. తండ్రి ఆస్తి ఆమెకూ, సోదరి మర్యమ్‌కూ దక్కింది. ఆ సొమ్ముతో ఫాతిమా స్థలం కొని రంజాన్ మొదటి రోజున పని ప్రారంభించారు. సందేహాస్పదమైన సొత్తు ఒక్క రవ్వ కూడా కలవకూడదని అదే స్థలంలో తవ్విన మట్టి, రాయి మాత్రమే వాడారట. కట్టడం పూర్తయ్యే వరకు ఉపవాసాలున్నారట. మర్యమ్ అదే నగరంలో అందలూసియా వారి పేటలో ఇంకో మసీదు కట్టించారు.

ఖరవియ్యీన్ మసీదు క్రమంగా విద్యాపీఠమైంది. 1963లో అది మొరాకో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వ్యవస్థలో చేరింది. ఎడతెగకుండా నడుస్తున్న విద్యాసంస్థల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనని గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది.

ఇక్కడ మేం గమనించమనేది ఒక్కటే. ఆమె చేతికి తండ్రి ఆస్తి అందింది. ఖుర్ఆన్ కూతురికి నిర్ణయించిన వాటా ఆమెకు దక్కింది గనుకనే ఆ దానం సాధ్యమైంది. మన ఇళ్లలో కూతుళ్ల వాటా ఏమవుతోంది? పెళ్లికి ఖర్చు పెట్టాం కదా అని అన్నదమ్ములు సంతకాలు పెట్టించుకోవడం లేదా? ఖరవియ్యీన్ గొప్పను వేదికల మీద చెప్పుకునే ముందు ఈ ప్రశ్నకు ఇంట్లో జవాబు వెతుక్కోవాలి.

తండ్రి దూరం లెక్కచేయలేదు

స్పెయిన్‌లోని వలెన్సియాకు చెందిన సఅద్ అల్ ఖైర్ అనే పండితుడు వర్తకుడై చైనా దాకా ప్రయాణం చేశాడు. అందుకే ఆయన పేరు చివర అందలూసీ అనీ, సీనీ అనీ రెండూ చేరాయి. సీనీ అంటే చైనా వాడు. ఆయన కూతురు ఫాతిమా. ఆయన కూతుళ్లను వెంటబెట్టుకుని హదీసు పండితుల దగ్గరకు తిప్పాడు. ఇస్ఫహాన్‌లో ఆ పాపను కూర్చోబెట్టిన గురువు ఎవరో తెలుసా? ఆమె కూడా ఫాతిమాయే, ఫాతిమా జుజ్దానియ్యా. ఇమామ్ తబరానీ సంకలనం చేసిన 'అల్ ముఅజమ్ అల్ కబీర్' అనే మహా హదీసు గ్రంథాన్ని ఆ కాలంలో బోధించిన ప్రఖ్యాత పండితురాలు. హిజ్రీ 524లో కన్నుమూశారు. ఒక ఫాతిమా వృద్ధాప్యంలో చెప్పింది, ఇంకో ఫాతిమా చిన్నతనంలో వింది. ఆ చిన్న ఫాతిమా తర్వాత బాగ్దాదులో చదివి, దమిష్క్ చేరి, చివరకు కైరోలో ఎందరికో హదీసు విద్య బోధించి హిజ్రీ 600లో కన్నుమూశారు.

ఈ వివరాలు కట్టుకథలు కావు. హదీసు గ్రంథాలను ఎవరు ఎవరి దగ్గర విన్నారో రాసిపెట్టడం మన పూర్వీకుల అలవాటు. హాజరైన పసిపిల్లల పేర్లు, వయసులు కూడా రాసేవారు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ ప్రాంతానికి చెందిన మౌలానా ముహమ్మద్ అక్రమ్ నద్వీ ఏళ్ల తరబడి ఈ పత్రాలన్నీ గాలించి మహిళా హదీసు పండితుల చరిత్రను అరబ్బీలో 43 సంపుటాలుగా కూర్చారు. 2021లో అది వెలువడింది. అందులో వేలాది మహిళల ప్రస్తావన ఉంది.

కాలేజీ దూరమన్నాడు కదా మన కనీజ్ ఫాతిమా తండ్రి. బస్సులో అరగంట ప్రయాణమట. వలెన్సియా ఎక్కడ, చైనా ఎక్కడ, ఇస్ఫహాన్ ఎక్కడ! ఒంటెల మీదా, పడవల మీదా తిరిగిన ఆ తండ్రికి కూతురి చదువు దూరం అనిపించలేదు.

ఫత్వా మీద మూడు సంతకాలు

తెలుగునాట ముస్లింలలో అత్యధికులు హనఫీ సంప్రదాయం పాటించేవారు. అందుకే ఈ ఫాతిమా మనకు మరీ దగ్గరివారు. 12వ శతాబ్దంలో అలాఉద్దీన్ సమర్‌ఖందీ అనే హనఫీ న్యాయశాస్త్రవేత్త 'తుహ్ఫతుల్ ఫుఖహా' అనే గ్రంథం రాశారు. ఆయన కూతురు ఫాతిమా ఆ గ్రంథం మొత్తం కంఠస్థం చేశారు. వారింటి నుంచి వెలువడే ఫత్వాల మీద తండ్రి చేతిరాతతోబాటు కూతురి చేతిరాత కూడా ఉండేది.

రాజులు ఆమె చేయి కోరారని జీవితచరిత్రకారులు రాశారు. తండ్రి ఇవ్వలేదు. ఆయన శిష్యుడు అలాఉద్దీన్ కాసానీ గురువుగారి తుహ్ఫకు 'బదాయిఉస్సనాయి' అనే గొప్ప వ్యాఖ్యానం రాసి తెచ్చాడు. గురువుకు అది ఎంత నచ్చిందంటే ఆ గ్రంథాన్నే మహర్‌గా స్వీకరించి కూతురినిచ్చి పెళ్లి చేశారు. అప్పటి నుంచి ఫత్వాల మీద మూడు సంతకాలు వెలువడేవి. తండ్రిది, కూతురిది, అల్లుడిది. భర్త ఎక్కడైనా పొరబడితే ఆమె ఫలానా చోట తప్పుందని చెప్పేవారు. ఆయన తన అభిప్రాయం మార్చుకునేవారు. దాన్ని ఆయన నామోషీగా తలచలేదు.

ఆ దంపతులు తర్వాత సుల్తాన్ నూరుద్దీన్ జంగీ పాలనలోని అలెప్పోలో స్థిరపడ్డారు. కాసానీ అక్కడి హలావియ్యా మదరసాలో బోధించారు. రంజాన్‌లో ఆ మదరసా పండితులకు ఇఫ్తార్ పెట్టే ఆనవాయితీ మొదలుపెట్టింది ఫాతిమాగారే. అందుకోసం తన చేతి కడియాలు రెండూ తీసి అమ్మేశారు. కాసానీ హిజ్రీ 587లో, అంటే 1191లో మరణించినప్పుడు ఆయన్ను భార్య సమాధి పక్కనే ఖననం చేశారు. జనం ఆ చోటును 'ఆమె, ఆమె భర్త సమాధి' అని పిలిచేవారట. భర్త పేరుతో భార్యను గుర్తించే లోకంలో అక్కడ ముందు ఆమె ప్రస్తావన వచ్చింది!

బదాయి గ్రంథాన్ని ఈనాటికీ హనఫీ ముఫ్తీలు తిరగేస్తుంటారు. మన పెళ్లిళ్లకు, విడాకులకు, వారసత్వానికి తీర్పులు చెప్పేటప్పుడు అందులో చూస్తారు. ఆ గ్రంథం ఒక చదువుకున్న కూతురికి మహర్‌గా వచ్చింది. ఎక్కువ చదివిస్తే సంబంధాలు రావని భయపడే తండ్రులారా! ఈమెకు చదువు వల్లనే తగిన సంబంధం వచ్చింది.

పూనాలో ఒక ఇల్లు

ఇక మన దేశానికి వద్దాం. 1848లో జోతీరావ్ ఫూలే పూనాలో బాలికల బడి తెరిచారు. సావిత్రీబాయి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. శూద్రులకు, ఆడవారికి చదువేమిటని ఊరు మండిపడింది. ఆ ఒత్తిడికి జోతీరావ్ తండ్రి ఆ దంపతులను ఇల్లు వదిలి వెళ్లమన్నారు. అప్పుడు వారికి తన ఇంట చోటిచ్చినవాడు ఉస్మాన్ షేక్. ఆయన సోదరి ఫాతిమా షేక్ సావిత్రీబాయి పక్కన నిలిచి బడి పనిలో భాగం పంచుకున్నారు.

ఆమెను గురించి కాగితం మీద మిగిలింది చాలా తక్కువ. సావిత్రీబాయి జబ్బుపడి పుట్టింట ఉన్నప్పుడు 1856 అక్టోబరు 10న భర్తకు ఉత్తరం రాశారు. తాను లేనందువల్ల ఫాతిమాకు శ్రమ ఎక్కువవుతుందనీ, అయినా ఆమె విసుక్కోదనీ అందులో అన్నారు. 2025 జనవరిలో అసలు ఫాతిమా షేక్ అనే మనిషే లేదని, అది కల్పిత పాత్ర అని ఒకరు ప్రకటించినప్పుడు పరిశోధకులు ముందుకు తెచ్చిన ఆధారాల్లో ఆ ఉత్తరం ముఖ్యమైంది. స్నేహితురాలు రాసిన రెండు మాటలు ఒక మనిషిని చరిత్రలో నిలబెట్టాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఆమె గురించి పాఠం చేర్చింది. అంటే మన తెలుగు పిల్లలు ఆమెను బడిలోనే కలుసుకున్నారు. ఎనిమిదిలో ఆ పాఠం చదివిన మన ఫాతిమాలు ఎందరు పది దాటి ముందుకు వెళ్లారన్నదే మా బాధ.

పత్తనంతిట్ట నుంచి ఢిల్లీకి

చివరి ఫాతిమా మన కాలం మనిషి. 1927 ఏప్రిల్ 30న కేరళలోని పత్తనంతిట్టలో పుట్టిన ఫాతిమా బీవీ. తండ్రి మీరా సాహెబ్ ప్రభుత్వోద్యోగి. ఆమె తిరువనంతపురంలో సైన్సు డిగ్రీ చదివారు. ఆపైన రసాయన శాస్త్రం చదువుదామనుకుంటే తండ్రే లా చదవమని పట్టుబట్టారు. తిరువాన్కూరులో 1937లో మునసబుగా నియమితురాలైన అన్నా చాందీని చూసి, నా కూతురు మాత్రం ఎందుకు కాకూడదని ఆ తండ్రి అనుకున్నారు. ఒక క్రైస్తవ మహిళ సాధించిన పదవి ఒక ముస్లిం తండ్రికి ఆశ పుట్టించింది.

1950లో ఆమె బార్ కౌన్సిల్ పరీక్షలో ప్రథమురాలిగా నిలిచి న్యాయవాదిగా నమోదయ్యారు. 1958లో మునసబు అయ్యారు. మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ 1983లో కేరళ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1989 అక్టోబరు 6న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. సుప్రీంకోర్టు ఏర్పడి అప్పటికి 39 ఏళ్లు దాటింది. అంతవరకు ఆ పీఠం మీద ఏ మతపు మహిళా కూర్చోలేదు. మొట్టమొదట కూర్చున్నది ఒక ఫాతిమా! 1997 నుంచి 2001 వరకు తమిళనాడు గవర్నర్‌గా పనిచేశారు. 2023 నవంబరు 23న కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించింది.

పేరు చేసే పని ఏమీ లేదు

ఇంతమంది ఫాతిమాలను ఒక వరుసలో నిలబెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. వీరిని గొప్పవారిని చేసింది పేరు కాదు. అదే పేరుతో కోట్లమంది పుట్టి, వారి తెలివి ఏమిటో లోకానికి తెలియకుండానే వెళ్లిపోయారు. ఈ కొందరి ఇళ్లలో మాత్రం ఒక మగవాడు దారికి అడ్డు నిలవలేదు. ఒక తండ్రి లేచి నిలబడ్డాడు. ఒక అన్న కత్తి పక్కన పెట్టి విన్నాడు. ఒక తండ్రి దూరం లెక్కచేయలేదు. ఒక భర్త తన తప్పు ఒప్పుకున్నాడు. ఒక సోదరుడు ఇంటి తలుపు తెరిచాడు. ఒక తండ్రి లా చదవమన్నాడు. అందుకే ఈ వ్యాసం ఆడపిల్లల కోసం రాసింది కాదు. వారికి చదవాలని ఎవరూ బోధించనక్కర్లేదు, వారి మార్కులే చెబుతున్నాయి. ఇది తండ్రుల కోసం, అన్నల కోసం రాసింది.

తండ్రుల భయాలను మేం తేలిగ్గా తీసేయడం లేదు. దారిలో ఆకతాయిల బెడద నిజం. చేతిలో డబ్బు లేకపోవడం నిజం. చదివిన పిల్లకు తగిన వరుడు దొరకడని బంధువులు చెవిలో పోరడం కూడా నిజమే. కానీ దారి బాగాలేకపోతే దారిని బాగుచేయాలి గాని పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం పరిష్కారమా? తగిన వరుడు దొరకకపోతే అబ్బాయిలను చదివించాలి గాని అమ్మాయి చదువు తగ్గించడం న్యాయమా? పైగా పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం చట్టం ప్రకారం నేరం.

పరిష్కారాలు మన చేతుల్లోనే ఉన్నాయి. ప్రతి మొహల్లా మసీదు కమిటీ తమ పరిధిలో పదో తరగతి పాసైన ఆడపిల్లల జాబితా రాసుకోవచ్చు. ఏ పిల్ల ఏ కారణంతో ఆగిందో తండ్రిని అడగవచ్చు. నలుగురైదుగురు పిల్లలకు కలిపి నమ్మకమైన ఆటో ఒకటి కుదర్చడం పెద్ద పని కాదు. జకాత్ తీసుకోవడానికి అర్హులైన ఇళ్ల పిల్లలకు ఫీజుకు, పుస్తకాలకు ఆ సొమ్ము అందించవచ్చు. కస్తూర్బా బాలికా విద్యాలయాలు 2004 నుంచి ఉన్నాయి. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. వాటి దరఖాస్తు తేదీలు జుమా నమాజు తర్వాత చదివి వినిపిస్తే ఎంతమందికి మేలు! విందుల ఖర్చులో పదో వంతు తగ్గించుకుంటే చాలు, ఒక పిల్ల ఇంటర్మీడియట్ గట్టెక్కుతుంది.

ఆ అఖీఖా ఇంటికి మేం మళ్లీ వెళ్లాలనుకుంటున్నాం, ఈసారి విందుకు కాదు. కనీజ్ ఫాతిమా తండ్రి పక్కన కూర్చుని, సాబ్, మీ బిడ్డకు మీరు పెట్టిన పేరులో ఒక అప్పు ఉంది, దాన్ని మీరే తీర్చాలి అని చెప్పాలని ఉంది. ఆయన వింటారనే మా నమ్మకం. ఆయన గొంతులో ఆ రోజు వినిపించిన సంకోచమే మా ఆశ.

పేరు పెట్టడం ఏడో రోజున అయిపోతుంది. ఆ పేరుకు న్యాయం చేయడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. మన ఇళ్లలోని ఫాతిమాలకు న్యాయం చేసే బుద్ధిని, శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.